ముందే లేచిన పిల్ల

జ్ఞానమణి మేడమ్‌ని నలభై ఆరేళ్ళ వయసులో మళ్ళీ చదువుకు పంపించారు. పంపించింది కన్నవాళ్ళు కాదు, కట్టుకున్నవాడూ కాదు. బొల్లారంలో ఆమె పనిచేసే ప్రైవేటు స్కూలు కరస్పాండెంటు. "ట్రైనింగ్ సర్టిఫికెట్ లేని పీఈటీలను వచ్చే ఏడాది నుంచి పెట్టుకోలేం మేడమ్. శని, ఆదివారాలు నడిచే కోర్సు ఒకటుందట, చేసెయ్యండి," అన్నాడాయన, బజారుకెళ్ళి కొత్తిమీర కట్ట తెమ్మన్నంత తేలిగ్గా.

పీఈటీ అంటే ఆటల టీచరు. ఆ స్కూల్లో ఆమెకు పేరుతో పనిలేదు, అందరికీ పీటీ మేడమే. పెళ్ళికి ముందు ఖోఖోలో రాష్ట్రం తరఫున ఆడిన మనిషి. డిగ్రీ ఉంది, ఆట ఉంది, గొంతుంది, లేనిదల్లా ఆ ఒక్క కాగితం. ఇన్నేళ్ళలో ప్రేయర్లో లైన్లు సరిచేయించినప్పుడు ఎవరూ కాగితం అడగలేదు. యాన్యువల్ డేకి కుర్చీలు మోయించినప్పుడు అడగలేదు. లెక్కల సారు సెలవు పెడితే ఆ క్లాసులో కాపలా కూర్చోబెట్టినప్పుడూ అడగలేదు. ఇప్పుడు ఉన్నట్టుండి గుర్తొచ్చింది. ఒళ్ళు మండదా మరి?

"మానెయ్ జ్ఞానం, ఈ వయసులో పుస్తకాలేంటి?" అన్నాడు భర్త సామ్యూల్.

"మానేస్తే నా పిల్లలేమైపోతారండీ?" అంది ఆమె.

నా పిల్లలంటే కన్నపిల్లలు కాదు. కన్నకొడుకు ఒక్కడే, ఇంటర్ చదువుతున్నాడు, ఆటంటే సెల్‌ఫోనులో ఆడేదేనని అనుకునే రకం. ఆమె చెప్పేది స్కూలు ఖోఖో టీము గురించి. ఆ టీములోనూ, నిజం చెప్పాలంటే, ఒక్క పిల్ల గురించి. దాని పేరు లాస్య.

లాస్య తొమ్మిదో తరగతి. బొల్లారం బజార్లో మిలటరీ వాళ్ళ యూనిఫారాలు కుట్టే తుకారాం కూతురు. క్లాసులో ఉందా లేదా అన్నట్టు ఉంటుంది. అటెండెన్సు పిలిస్తే పలికే గొంతు పక్క బెంచీకి కూడా వినిపించదు. గ్రౌండులోకి దిగిందా, ఇంక పట్టుకోండి. ఆ మెలికలు, ఆ దూకుడు, పోల్ దగ్గర ఒంటిచేత్తో తిరిగే ఆ తిరుగుడు చూసి జ్ఞానమణి మొదటిరోజు నోరు తెరిచి నిలబడిపోయింది. తను ఆడిన రోజుల్లో కూడా ఇలాంటి పిల్లను చూడలేదు. ఆ సాయంత్రమే తుకారాం షాపుకు వెళ్ళి, జోనల్ పోటీల్లో గెలిస్తే స్పోర్ట్స్ హాస్టల్లో సీటొస్తుంది, పిల్లను ఆడనివ్వండని బతిమాలింది.

తుకారాం మెడలో టేపు సవరించుకుని చాలాసేపు ఆలోచించాడు. "గీ ఒక్క సాల్ మేడమ్," అన్నాడు చివరికి. "జోనల్‌ల గెలిచి, ఆ స్పోర్ట్స్ హాస్టల్ల సీటొస్తే ఆమె మీ బిడ్డ. నేను నడుమ రాను. రాకుంటే మాత్రం టెన్త్‌ల ఆట బంద్. మాటంటే మాటనే."

"వస్తుందండీ," అంది జ్ఞానమణి. అంత ధైర్యంగా ఎలా చెప్పిందో ఆమెకే తెలియదు.

ఇదీ సంగతి. కోర్సు చేయకపోతే ఉద్యోగం పోతుంది, ఉద్యోగం పోతే లాస్యకు ఆట పోతుంది. కాబట్టి మేడమ్ చదువుకు బయల్దేరింది.

కోర్సు జరిగేది బేగంపేటలో. వెనకాల ఒక గ్రౌండు, ముందు నాలుగు గదులు. శనివారం పొద్దున్నే బొల్లారంలో ఎంఎంటీఎస్ రైలెక్కి, సికింద్రాబాద్‌లో దిగి, ఇంకో బండి పట్టుకుని పరుగు. ఆదివారం చర్చికి ఎగనామం. "ఏమ్మా జ్ఞానమణీ, ఈ మధ్య కనబడటం లేదు, దేవుడి మీద అలిగావా?" అని పాస్టరమ్మ దారిలో పట్టుకుని అడిగితే, "దేవుడు క్షమిస్తాడమ్మా, కరస్పాండెంటు క్షమించడు," అనేసి ఆటో ఎక్కింది.

క్లాసులో అందరూ ఇలాంటి వాళ్ళే. ఏళ్ళ తరబడి పిల్లల్ని ఆడిస్తూ, కాగితం కోసం వచ్చి బెంచీల మీద ఇరుక్కుని కూర్చున్నవాళ్ళు. ఆమె పక్కన అల్వాల్ నుంచి వచ్చే ఓంప్రకాశ్. ఆయన కంటే ముందు ఆయన పొట్ట గదిలోకి వస్తుంది. "గిన్నేండ్లు పోరగాండ్లను ఉరికించిన మేడమ్," అని వగర్చేవాడు గ్రౌండు చుట్టూ తిరిగొచ్చి, "ఇప్పుడు నన్ను ఉరికిస్తున్నరు. వాండ్ల ఉసురే తాకింది."

అయిష్టంగానే వెళ్ళింది గానీ, ఇదేం విడ్డూరమో, నాలుగు వారాలు తిరిగేసరికి జ్ఞానమణికి ఆ చదువు రుచి పట్టింది. మోకాలు ఎందుకు నొప్పెడుతుందో, ఎండలో ఆడే పిల్లకు నీళ్ళు ఎప్పుడు పట్టించాలో, ఎదిగే ఎముక మీద ఎంత బరువు పెట్టకూడదో చెప్తుంటే, ఇవన్నీ తెలియకుండానా ఇన్నేళ్ళు నెట్టుకొచ్చాను అనిపించేది. ఇంటికెళ్ళి వంట చేస్తూ సామ్యూల్‌కి పిక్క కండరం గురించి చెప్పేది. ఆయన పాపం, పప్పు ఉడికిందా లేదా అన్నదే ఆలోచించేవాడు.

శని, ఆదివారాల్లో టీము ప్రాక్టీసు లాస్య చేతికి వచ్చింది. తాళంచెవులు వాచ్‌మన్ దగ్గర తీసుకుని, ముగ్గు పోసి గీతలు వేసి, అందర్నీ ఆడించి, ఫోనులో తీసిన వీడియో పంపించేది. కింద ఒకే ఒక మెసేజ్: "మేడమ్, మంచిగ ఆడినమా?" జ్ఞానమణి రైల్లో నిలబడి, ఒక చేత్తో కడ్డీ పట్టుకుని, ఆ వీడియోలు చూసి ముసిముసిగా నవ్వుకునేది. పక్కవాళ్ళు అనుకునేవాళ్ళు, ఈమెకు కొత్తగా మనవరాలు పుట్టిందేమోనని.

ఇప్పుడు ఆట గురించి కాస్త చెప్పాలి, లేకపోతే జరిగింది అర్థం కాదు. ఖోఖోలో ఒక జట్టు పిల్లలు గ్రౌండు మధ్యలో, రెండు చివర్లా పాతిన పోల్ అనే కర్రల నడుమ వరసగా, ఒకరు ఇటు మొహం, ఒకరు అటు మొహం పెట్టి గొంతుక్కూర్చుంటారు. ఒక్కతి మాత్రం లేచి అవతలి జట్టు వాళ్ళను తరుముతుంది, తాకితే అవుట్, ఒక్కో అవుట్‌కు ఒక పాయింటు. తరిమే పిల్ల అలసినప్పుడో, దారి తప్పినప్పుడో, కూర్చున్న ఒక పిల్ల వెనకగా వచ్చి వీపు మీద చెయ్యి వేసి "ఖో" అంటుంది. అప్పుడు ఆ కూర్చున్న పిల్ల లేచి ఉరకాలి, వచ్చినామె ఆమె స్థానంలో కూర్చోవాలి. చెయ్యి పడి, ఖో వినపడేదాకా లేవకూడదు. లేస్తే ఫౌల్.

రూలు అది. జ్ఞానమణి పిల్లలు ఆడేది వేరు. "చెయ్యి కోసం చూడొద్దు. వెనక అడుగుల చప్పుడు వినండి. చప్పుడు దగ్గరైందా, నడుము లేపండి. చెయ్యి పడేసరికి మీరు గాల్లో ఉండాలి," అని నేర్పింది. ఆమెకూ ఆమె కోచ్ ఇలాగే నేర్పాడు. తేడా ఒక రెప్పపాటు. ఆ రెప్పపాటులోనే అవతలి పిల్ల చేతికి చిక్కేది. ఇది మోసమని ఆమె కలలో కూడా అనుకోలేదు, చురుకుదనం అనుకుంది. ఏళ్ళుగా జోనల్ పోటీల్లో ఒక్క అంపైరూ పట్టుకోలేదు. లాస్య చెవులైతే మరీ విచిత్రం. వెనక వచ్చేది ఎవరో కూడా అడుగుల చప్పుడుతోనే చెప్పేసేది.

అంపైరింగ్ పాఠం రామ్మోహనరావు గారిది. రిటైరైన పెద్దమనిషి, తెల్ల టోపీ, ఇస్త్రీ ప్యాంటు, విజిల్‌ని తాయెత్తులా మెళ్ళో వేసుకుంటాడు. "ఖోఖో అంపైరు అందరిలాగా ఉరికేవాళ్ళను చూస్తాడు. అక్కడే మోసపోతాడు. కూర్చున్నవాళ్ళ నడుము చూడాలమ్మా. దొంగ అక్కడుంటాడు," అన్నాడు. అందర్నీ గ్రౌండులోకి తీసుకెళ్ళి వరసగా కూర్చోబెట్టాడు. ఓంప్రకాశ్ వెనకనుంచి రొప్పుతూ వచ్చి జ్ఞానమణికి ఖో ఇచ్చాడు. ఆమె లేచింది. విజిల్ మోగింది.

"ముందే లేచారు మేడమ్."

"లేదు సార్! చెయ్యి పడ్డాకే లేచాను."

ఆయన ఫోనులో తీసిన వీడియో నెమ్మదిగా నడిపి చూపించాడు. ఓంప్రకాశ్ చెయ్యి ఇంకా గాల్లో ఉంది, జ్ఞానమణి నడుము అప్పటికే లేచిపోయింది. క్లాసంతా గొల్లుమంది. "నా అడుగులు ఏనుగు అడుగులు మేడమ్, మీదేం తప్పు లేదు," అన్నాడు ఓంప్రకాశ్. ఆమె కూడా నవ్వింది గానీ, తన మొహం ముందు ఎవరో అద్దం పెట్టి చూపించినట్టైంది.

ఆ తర్వాత వారాల్లో ఆ ఫౌల్ పట్టుకోవడంలో ఆమెను మించినవాళ్ళు లేరు. ఎందుకుంటారు? ఆ కిటుకు పుట్టుపూర్వోత్తరాలన్నీ ఆమెకు తెలుసు. రామ్మోహనరావు గారు ఆమెనే నిలబెట్టి పదేపదే చేయించేవాడు. "ఆలోచించకండి. ఆలోచిస్తే ఆలస్యమవుతుంది. నడుము లేచిందా, విజిల్. మీరు ఊదకూడదు, అదే మోగాలి." చివరికి అలాగే అయింది. ఎవరి నడుమైనా ముందు కదిలిందంటే ఆమెకు తెలియకుండానే విజిల్ మోగిపోయేది.

ఒక సోమవారం స్కూలు గ్రౌండులో పిల్లల్ని చుట్టూ కూర్చోబెట్టుకుని ఉన్న విషయం చెప్పేసింది. "నేను నేర్పింది తప్పు. ఇక నుంచి చెయ్యి పడ్డాకే లేవాలి."

పిల్లలు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. సరే అన్నారు. మేడమ్ మాట కాదంటారా? కానీ కాళ్ళు వినాలి కదా. చప్పుడు వినగానే లేచే అలవాటును ఆపుకుని, చెయ్యి కోసం కాచుకుని, ఆ తర్వాత లేచేసరికి ఆట చచ్చుబడిపోయింది. తిరుమలగిరి స్కూలు వాళ్ళతో ప్రాక్టీసు మ్యాచ్ పెట్టుకుంటే చిత్తుగా ఓడిపోయారు. ఆ టీము పీఈటీ కాంతమణి, జ్ఞానమణికి పాత స్నేహితురాలే, "ఏమైందే నీ పిల్లలకు, దిష్టి తగిలిందా?" అంది కూడా.

మ్యాచ్ అయ్యాక లాస్య నీళ్ళ కుళాయి దగ్గర వెక్కి వెక్కి ఏడ్చింది. "నా కాళ్ళు ఎవరో పట్టుకున్నట్టున్నది మేడమ్. లేవాల్నంటే భయమైతున్నది. గిట్ల ఆడితే గెలువం. గెలువకుంటే నాన్న బంద్ చేస్తడు."

జ్ఞానమణి గుండె కరిగిపోయింది. టోర్నమెంటు ముంచుకొస్తోంది, అలవాటు మార్చే వ్యవధి లేదు. పిల్ల కళ్ళు తుడిచి ఆమె ఒక మాట అంది. "సరేలే, ఏడవకు. ఈ ఒక్క టోర్నమెంటుకూ పాత పద్ధతిలోనే ఆడేయండి. తర్వాత తీరిగ్గా మార్చుకుందాం. మన జోన్‌లో నడుములు చూసే అంపైరు ఎవడున్నాడు?"

అయ్యో, ఎందుకన్నావమ్మా ఆ మాట! అలా చూసే అంపైరు ఆ జోన్ మొత్తానికీ ఒక్కతే ఉంది, అది తనే.

జోనల్ పోటీలు సికింద్రాబాద్‌లో ఒక కాలేజీ గ్రౌండులో పెట్టారు. ఇలాంటి చోట అంపైర్లు ఎప్పుడూ తక్కువే పడతారు. అందుకని కోర్సు వాళ్ళకు అక్కడ డ్యూటీలు వేయించాడు రామ్మోహనరావు గారు. దానికి మార్కులు కూడా. ఎవరి స్కూలు మ్యాచ్‌కు వాళ్ళు అంపైరింగ్ చేయకూడదని ముందే చెప్పేశాడు. జ్ఞానమణి వేరే స్కూళ్ళ మ్యాచ్‌లకు నిలబడింది. తన పిల్లలు ఆడుతుంటే తాడు అవతల చెప్పులు విప్పుకుని గంతులేసింది. వాళ్ళు పాత పద్ధతిలో పాదరసంలా ఆడారు. లాస్యను చూడటానికి పక్క కోర్టుల వాళ్ళు కూడా వచ్చి నిలబడ్డారు. సెమీఫైనల్ గెలిచాక ఆ పిల్ల ఉరుక్కుంటూ వచ్చి, "మేడమ్, ఇంక ఒక్కటే," అని మళ్ళీ అంతే వేగంగా పారిపోయింది.

ఫైనల్ కాంతమణి టీముతో. అంపైర్లుగా ఒకవైపు ప్రిసిల్లా అనే కోర్సు అమ్మాయి, రెండోవైపు ఓంప్రకాశ్. ఓంప్రకాశ్ పొద్దున్నుంచి ఎండలో నిలబడ్డాడు, మధ్యాహ్నం ఎవరో బిర్యానీ పెట్టిస్తే మొహమాటం లేకుండా లాగించాడు, లేచి కోర్టు వైపు నాలుగడుగులు వేసి కళ్ళు తిరిగి కూలబడ్డాడు. నీళ్ళు చల్లారు, నీడలో పడుకోబెట్టారు. "నాకేం గాలే," అంటూనే మళ్ళీ కళ్ళు మూశాడు. మిగిలిన వాళ్ళంతా వేరే కోర్టుల్లో ఉన్నారు. పొద్దు వాలిపోతోంది. రామ్మోహనరావు గారి చూపు జ్ఞానమణి మీద పడింది.

"సార్, అది మా స్కూలు!"

"తెలుసమ్మా. ఇంకెవరూ లేరు. కాంతమణి గారు ఒప్పుకుంటేనే."

కాంతమణి చెయ్యూపేసింది. "జ్ఞానమణి అయితే నాకు రాసిచ్చినట్టే సార్. ఆమె ఎవ్వరికి అన్యాయం చెయ్యదు."

ఆ నమ్మకమే కొంప ముంచింది. ఏమని తప్పించుకుంటుంది? మా పిల్లలు ముందే లేస్తారు, నేనే లేవమన్నాను, అని అందరి ముందూ చెప్పాలి. విజిల్ మెళ్ళో వేసుకుంది. కనీసం పిల్లలకైనా చెప్దామని వాళ్ళ వైపు నడవబోతే, రామ్మోహనరావు గారు మెల్లిగా ఆపాడు. "డ్యూటీ తీసుకున్నాక టీముతో మాట్లాడకూడదమ్మా." దూరంనుంచే లాస్య వైపు చూసింది, ముందే లేవొద్దని కళ్ళతో, తలతో ఎన్ని రకాలుగానో చెప్పింది. లాస్యకు ఏమర్థమైంది? మేడమ్ దీవిస్తోంది అనుకుంది. రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "మన మేడమే అంపైర్!" అని టీమంతా చప్పట్లు కొట్టారు.

మ్యాచ్ మొదలైంది. మొదటి తరుములోనే తన టీములో ఒక పిల్ల నడుము ముందు లేచింది. జ్ఞానమణి చూసింది. విజిల్ పళ్ళ మధ్య ఉంది, ఊపిరి బిగబట్టింది, మోగనివ్వలేదు. ఇంకోసారి లేచారు. మళ్ళీ బిగబట్టింది. కుర్చీలో కూర్చున్న రామ్మోహనరావు గారి వైపు చూడటానికి ధైర్యం చాలలేదు. బయట నిలబడిన కాంతమణి మాత్రం ఆమెను చూసి స్నేహంగా తలూపింది. ఆ తలూపు చెంపదెబ్బ కంటే గట్టిగా తగిలింది. దేవా, ఈ ఒక్కసారికి, అని మనసులో వేడుకుంది. ఆ ఒక్కసారికి ఏం ఇమ్మంటోందో ఆమెకే సరిగ్గా తెలియదు.

ఆఖరి తరుము లాస్య వాళ్ళది. ఒక్క పాయింటు వెనకబడి ఉన్నారు. టైము దాదాపు అయిపోయింది. అవతలి జట్టు పిల్లలిద్దరు పోల్ వైపు పక్కపక్కనే వచ్చేశారు, ఒకేచోట ఇద్దరు దొరికే సందు. ఇలాంటి సందు మళ్ళీ రాదు. తరిమే పిల్ల లాస్య వెనకగా వస్తోంది. వస్తున్న అడుగుల చప్పుడు జ్ఞానమణికి కూడా వినిపించింది. చప్పుడు దగ్గరైంది. లాస్య నడుము లేచింది.

విజిల్ మోగింది.

ఆమె ఊదలేదు. ఊదాలని అనుకోలేదు. ఎవరి మీద ప్రమాణం చేయమన్నా చేస్తుంది. అదే మోగింది. మోగాక ఆపలేకపోయింది, పొడుగ్గా, గట్టిగా, గ్రౌండంతా వినపడేలా మోగింది. లాస్యకు అది వినపడలేదు. బాణంలా దూసుకెళ్ళి మొదటి పిల్లను తాకింది, పోల్ దగ్గర మెలిక తిరిగి రెండో పిల్లను తాకింది. ఇద్దరూ అవుట్. రెండు చేతులూ ఆకాశంలోకి ఎత్తి, గెలిచామని కేక వేసి వెనక్కి తిరిగింది. తిరిగాక చూసింది, విజిల్ ఎవరి నోట్లో ఉందో.

ఫౌల్ పడ్డాక తాకిన అవుట్లు చెల్లవు. టైము అయిపోయిందని గంట కొట్టారు. ఒక్క పాయింటుతో ఓడిపోయారు. కాంతమణి పిల్లలు ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి గంతులేస్తున్నారు. జ్ఞానమణి పిల్లలు కూర్చున్నచోటే కూర్చుండిపోయారు. లాస్య మాత్రం మెల్లిగా నడుచుకుంటూ వచ్చి ఆమె ముందు నిలబడింది.

"విజిల్ ఎందుకూదిన్రు మేడమ్?"

"ముందే లేచావు బిడ్డా."

"మీరే గదా అట్ల లేవుమన్నది."

గొంతు పెంచలేదు. గొడవ పడలేదు. అడుగుతున్నట్టే అంది, తనకేదో అర్థం కాలేదు, మేడమ్ చెప్తే అర్థమవుతుంది అన్నట్టు. ఆమె విజిల్ మెళ్ళోంచి తీసేసింది. ఆ పిల్ల చెప్పులు చేత్తో పట్టుకుని వెళ్ళిపోయింది.

తర్వాతి శనివారం క్లాసులో రామ్మోహనరావు గారు ఆ మ్యాచ్ గురించి అందరికీ చెప్పాడు. సొంత పిల్లల మీద, గెలిచే క్షణంలో, అంపైరు అంటే ఇలా ఉండాలి, అన్నాడు. ప్రాక్టికల్స్‌లో ఆమెకు అందరికంటే ఎక్కువ మార్కులు వేశాడు. జ్ఞానమణి లేచి నిలబడింది. "సార్, మీకు తెలియదు. ముందే లేవమని వాళ్ళకు నేర్పింది నేనే. తప్పని తెలిశాక కూడా మార్చలేదు. అంతకుముందు రెండుసార్లు చూసీ ఊదలేదు. నా పిల్ల చేసింది నా తప్పు సార్," అంది.

రామ్మోహనరావు గారు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఇంత నిజాయితీ నేను చూడలేదమ్మా," అన్నాడు. క్లాసంతా చప్పట్లు కొట్టింది. ఓంప్రకాశ్ కళ్ళొత్తుకున్నాడు. ఆమెకు ఆ చప్పట్లు వింటుంటే గోడకేసి తల బాదుకోవాలనిపించింది. తిట్టండయ్యా, ఒక్కడైనా తిట్టండి!

కోర్సు పూర్తయింది, కాగితం వచ్చింది. కరస్పాండెంటు శాలువా కప్పి, ఫోటో తీయించి నోటీసు బోర్డులో పెట్టాడు. ఇక ఆమె ఉద్యోగానికి ఢోకా లేదు. లాస్య పదో తరగతికి వచ్చింది. గేమ్స్ పీరియడ్‌లో మెట్ల మీద పుస్తకం పెట్టుకుని కూర్చునేది. ఎదురుపడితే "గుడ్ మార్నింగ్ మేడమ్" అనేది. అందరు పిల్లలూ అంటారే, అలాగే.

కొన్నాళ్ళు చూసి, ఇక తట్టుకోలేక, ఒక సాయంత్రం జ్ఞానమణి మళ్ళీ తుకారాం షాపు మెట్లెక్కింది. ఏమన్నా పడదామనే వెళ్ళింది. తుకారాం మిషన్ ఆపి, స్టూలు తుడిచి వేశాడు.

"తప్పంతా నాది తుకారాం గారూ. పిల్లది కాదు. ఇంకొక్క ఏడాది ఇవ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"అరె, గంత మాటెందుకు మేడమ్!" అన్నాడాయన కంగారుగా. "మాటంటే మాటనే అన్న, నిజమే. గని ఇంట్ల దాని మొకం చూస్తలేను. నవ్వుతలేదు, సరిగ తింటలేదు. గీ ఆట లేకుంటే పిల్ల ఖరాబైతదని వాళ్ళమ్మ సుత పరేషాన్ అయితున్నది. నేనే చెప్పిన, పొయ్యి ఆడుకో బిడ్డా అని. నేను బంద్ చెయ్యలే మేడమ్. మీరే చెప్పి తీస్కపొండ్రి."

జ్ఞానమణికి ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్ళూ అడ్డం తండ్రే అనుకుంది. అడ్డమే లేదట! ఆదరాబాదరాగా లోపలికి నడిచింది. లోపలి గదిలో లాస్య చాప మీద కూర్చుని, యూనిఫారాల భుజాలకు పట్టీలు కుడుతోంది. మేడమ్‌ని చూసి సూది పక్కన గుచ్చి పెట్టింది.

"లాస్యా, నాన్న ఒప్పుకున్నారు. రేపు పొద్దున గ్రౌండుకు రా. ఈసారి మొదటినుంచీ సరిగ్గా నేర్పుతాను. నా మీద కోపముంటే నన్ను తిట్టు. ఆట మీద పెట్టుకోకు బిడ్డా."

"కోపం లేదు మేడమ్," అంది లాస్య. నిజంగానే లేదు, ఆ మొహం చూస్తే తెలుస్తోంది. "నాకు సుత ఆడాల్నని ఉండె. మొన్న మా గల్లీల పిల్లలు ఆడుతుంటే పొయ్యి కూసున్న. ఎనక అడుగుల చప్పుడైంది, నేను లేవలే. చెయ్యి పడ్డది, లేవలే. ఖో అన్నరు, అప్పుడు సుత లేవలేకపోయిన. లేద్దామనుకునేసరికి మీ విజిల్ వినబడ్డది మేడమ్."

"అక్కడ నేను లేను కదమ్మా..."

"లేరు. ఎవ్వరూ ఊదలే. అయినా వినబడ్డది. రోజూ గట్లనే అయితున్నది. పిల్లలందరు నవ్విన్రు."

జ్ఞానమణి చాప మీద కూలబడిపోయింది. ఉద్యోగం నిలబెట్టుకుంది, కాగితం తెచ్చుకుంది, ఎక్కడెక్కడి ఎముకల పేర్లో నేర్చుకుంది. ఏ పిల్ల కోసం ఇదంతా చేసిందో ఆ పిల్ల కాళ్ళు తనే విరిచేసింది. ఏ పుస్తకంలోనూ దీనికి వైద్యం చెప్పలేదు. పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నా ఏడుపు ఆగలేదు. బయట మిషన్ చప్పుడు ఆగిపోయింది. తుకారాం గుమ్మంలోకి వచ్చి, ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

లాస్య కుండలోంచి గ్లాసుతో నీళ్ళు ముంచి తెచ్చి ఆమె పక్కన కూర్చుంది.

"ఏడ్వకుండ్రి మేడమ్," అంది, పెద్దదానిలా. "మంచిగ చదువుకుంట. టెన్త్‌ల మంచి మార్కులు తెచ్చుకుంట."